పెద్దలకు కట్టిన ఇళ్లు

సంక్రాంతి నాడు భీమిలిలో ఏ వీధిలోకి వెళ్లినా ఇంటింటా ఒకటే పని. గోడ మీది ఫొటోలు కిందికి దిగుతాయి. తడిగుడ్డతో అద్దం తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఎదురుగా కొత్త బట్టలు పెడతారు. తాతకు పంచె, కండువా. మామ్మకు చీర, జాకెట్టు గుడ్డ. పోయినవాళ్లు ఇష్టంగా తిన్నవన్నీ విస్తట్లో వడ్డిస్తారు. అందరూ దండం పెట్టుకున్నాక ఆ కొత్త బట్టలు ఇంట్లోవాళ్లే కట్టుకుంటారు. ఉత్తరాంధ్రలో దీన్ని పెద్దలకు పెట్టుకోవడం అంటారు. వలస వెళ్లినవాళ్లు రైళ్లు కిక్కిరిసినా నిలబడైనా ఊరికి చేరేది ఎక్కువగా దీని కోసమే.

ఆ ఫొటో మన ఇళ్లలోకి వచ్చి ఎంతోకాలం కాలేదు. ఫొటో స్టూడియోలు ఊళ్లలోకి రాకముందు మామూలు ఇంట్లో ముత్తాత ముఖం ఎలా ఉండేదో చెప్పగలిగేవాళ్లు లేరు. తద్దినానికి ముఖంతో పని కూడా లేదు. పేరు, గోత్రం, తిథి తెలిస్తే చాలు. దర్భలు, నువ్వులు, నీళ్లు, పిండం. బొమ్మ అక్కర్లేకుండానే పెద్దలను పిలిచి, అన్నం పెట్టి, సాగనంపే పద్ధతి మనది. ముఖాన్ని నిలుపుకోవాలనే కోరిక, దానికోసం ఖర్చు పెట్టగల స్తోమత రాజులకే ఉండేవి. ఆ రాజుల్లో కూడా పోయిన తండ్రి ముఖానికి ఒక ఇల్లు కట్టి, దానికి గేటు, దారి, కాపలా, వంట, సంగీతం అన్నీ రాసిపెట్టి, 5 శతాబ్దాల పాటు నడిపినవాళ్లు కొరియా రాజులు. మన దగ్గరి ముక్కలను కూడా వాటి పక్కన పెట్టి చూస్తే పెద్దల ఇల్లు ఎలా నిలుస్తుందో, ఎలా కూలుతుందో తెలుస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని భీమిలి చుట్టూనే ఉన్నాయి.

కొండల మీద ముఖం లేని ఇళ్లు

భీమిలి ఊరి మీదికి ఒరిగినట్టు ఉండే పావురాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. అదే కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు, పాత బౌద్ధ విహారం ఆనవాళ్లు ఉన్నాయి. బీచ్ రోడ్డు మీద విశాఖ వైపు వస్తే మంగమారిపేట పైన తొట్లకొండ, ఇంకాస్త ముందుకు బావికొండ. తొట్లకొండను 1976లో నౌకాదళం విమానంలోంచి సర్వే చేస్తుండగా గుర్తించారు. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. అంతకుముందే, 1982-87 మధ్య, బావికొండ తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర ఒకటి దొరికింది.

స్తూపం అంటే ప్రాథమికంగా అదే. పోయిన మహనీయుడి అస్థిని మధ్యలో పెట్టి, దాని చుట్టూ కట్టిన గుండ్రటి ఇటుక కట్టడం. దానికి తలుపు లేదు, లోపలికి వెళ్లే పని లేదు. చుట్టూ తిరిగి దండం పెట్టుకోవాలి. పెద్ద స్తూపం నీడలో చిన్నచిన్న స్తూపాలు లేస్తాయి. భక్తులు మొక్కుగా కట్టించినవి కొన్ని, పోయిన భిక్షువుల గుర్తుగా కట్టినవి కొన్ని. తొట్లకొండ మీద సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఆ ఇటుక వలయాలను దగ్గరగా చూడండి. ఏ వలయం ఎవరిదో చెప్పే ముఖం ఒక్కటీ లేదు.

బౌద్ధం ఈ దేశం నుంచి చైనా మీదుగా కొరియా చేరింది. అక్కడ గొర్యో వంశపు రాజులు తమ తండ్రులు, తాతల చిత్రపటాలను బౌద్ధ ఆలయాల్లోనే పెట్టి పూజ చేయించేవాళ్లు. గొర్యో వంశకర్త వాంగ్ గొన్‌కైతే కంచు విగ్రహమే పోయించారు. ఒంటి మీద బట్టల్లేకుండా పోత పోసి, పట్టుబట్టలు కట్టి పూజించేవారు. మన గుళ్లలో ఉత్సవమూర్తికి చేసే అలంకారం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఆ తర్వాత వచ్చిన జొసొన్ వంశం కన్ఫ్యూషియస్ మతాన్ని రాజధర్మంగా తీసుకుంది. పితృదేవతకు విగ్రహం తగదని, పేరు రాసిన చెక్క ఫలకమే తగినదని వాళ్ల పండితుల తీర్పు. 1429లో, సెజొంగ్ రాజు కాలంలో, ఆ కంచు విగ్రహాన్ని వాంగ్ గొన్ సమాధి పక్కనే భూమిలో పెట్టేశారు. కరిగించలేదు, పగలగొట్టలేదు. 1992లో కేసొంగ్ దగ్గర ఆ సమాధి పనులు చేస్తుంటే మళ్లీ బయటపడింది.

జొంజులో నీలి అంగీ రాజు

ఫలకమే ఉండాలన్న ఆ పండితులు కూడా రాజు ముఖాన్ని పూర్తిగా వదులుకోలేకపోయారు. జొసొన్ వంశాన్ని 1392లో స్థాపించిన యీ సొంగ్‌గ్యే, రాజుగా తేజో, 1408లో పోయాడు. రెండేళ్లకు, 1410లో, కొడుకు తేజొంగ్ తమ వంశం పుట్టిన ఊరు జొంజులో తండ్రి చిత్రపటానికి ఒక మందిరం కట్టించాడు. అదే గ్యొంగ్‌గిజొన్. ప్యొంగ్యాంగ్, గ్యొంగ్‌జు లాంటి ఊళ్లలోనూ తేజో పటానికి ఇలాంటి మందిరాలు వెలిశాయి. రాజు శరీరం ఒక్కచోటే ఉంటుంది. పటమైతే రాజ్యం నలుమూలలా కూర్చుని పాలించగలదు.

మందిరం కట్టిన తీరులోనే మర్యాద అంతా ఉంది. మొట్టమొదట రోడ్డు పక్కన ఒక రాయి. ఎంతటివాడైనా ఇక్కడ గుర్రం దిగాల్సిందేనని దాని మీద ఆజ్ఞ. దాన్ని మోస్తూ కింద రెండు జంతువుల బొమ్మలు. తర్వాత ఎర్రరంగు కర్రలతో నిలబెట్టిన ద్వారం. దానికి తలుపుల్లేవు, పైకప్పు లేదు, పైన బాణాల్లాంటి కర్రల వరస మాత్రమే ఉంటుంది. అది దాటాక ఒకదాని వెనుక ఒకటిగా గేట్లు, ఆవరణలు. ఒక్కో గేటు దాటేకొద్దీ బయటి సందడి తగ్గుతుంది. చివర్లో అసలు మందిరం. మూడు గదుల వెడల్పున్న హాలు ముందుకు ఒక వసారా పొడుచుకొచ్చి ఉంటుంది. పటం లోపల ఉంటే, పూజ చేసేవాళ్లు ఆ వసారాలో నిలబడతారు. గర్భగుడికి ముందు అంతరాళం ఉన్నట్టే, పెద్దాయనకీ మనకీ మధ్య ఒక నీడ పట్టు.

లోపల తేజో పటం నిలువెత్తున ఉంటుంది, ఎత్తు 2 మీటర్లకు పైమాటే. రాజు ఎదురుగా మననే చూస్తూ ఎర్ర సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. అంగీ నీలం. ఛాతీ మీద, భుజాల మీద బంగారు డ్రాగన్లు. జొసొన్ రాజుల పటాల్లో తర్వాత తర్వాత ఎర్ర అంగీయే ఎక్కువ కాబట్టి వంశకర్త నీలం వెంటనే కంట్లో పడుతుంది. వెనుక సూర్యుడు, చంద్రుడు, ఐదు పర్వత శిఖరాలు గీసిన తెర. బతికున్న రాజు కొలువులో సింహాసనం వెనుక ఉండేదీ అదే తెర. కాబట్టి ఆ గదిలో ఉన్నది పోయిన రాజు జ్ఞాపకం అని వాళ్లు అనుకోలేదు. రాజు కొలువు తీరి ఉన్నాడు.

ఒక్క వెంట్రుక తేడా వచ్చినా అది వేరే మనిషి బొమ్మేనని కన్ఫ్యూషియస్ పండితుల్లో ఒక వాదం. అందుకని చిత్రకారులు మొటిమలు, మచ్చలు, కనుబొమలోని పొడవాటి వెంట్రుక కూడా వదలకుండా గీసేవాళ్లు. పటం పాతబడితే చూసి ఇంకోటి గీయించేవాళ్లు. నేడు జొంజులో ఉన్నది 1872లో ఇలా తిరగరాసినదే. దాన్ని కొరియా జాతీయ సంపదగా గుర్తించారు. కొత్తది పూర్తయ్యాక పాతదాన్ని ఏం చేశారన్నది నన్ను బాగా పట్టేసింది. రంగు పోయేలా నీళ్లతో కడిగి, మందిరం వెనుకే భూమిలో పెట్టారు. పూరీలో జగన్నాథుడికి నవకళేబరం జరిగినప్పుడు పాత మూర్తులను గుడి ప్రాంగణంలోనే కోయిలి వైకుంఠంలో పూడ్చడం ఉత్తరాంధ్రవాళ్లందరికీ తెలుసు. 2015లో ఇక్కడి నుంచీ జనం అక్కడికి వెళ్లారు. రెండు దేశాలకూ ఒకరి పద్ధతి ఇంకొకరికి తెలియదు. అయినా ప్రాణం పెట్టిన బొమ్మ పాతబడితే పారేయకూడదని, సాగనంపాలని ఇద్దరికీ తోచింది.

చూసి గీయడానికి పాత పటం మిగిలి ఉండటం వెనుక మరో కథ ఉంది. 1592లో జపాను సేనలు కొరియా మీద పడ్డప్పుడు, జొంజులోని రాజ్య చరిత్ర గ్రంథాలను, తేజో పటాన్ని ఆన్ ఉయి, సోన్ హొంగ్‌నొక్ అనే స్థానిక పండితులు కొందరిని కూడగట్టుకుని నేజాంగ్ కొండల్లోకి మోసుకెళ్లి దాచారు. మిగతా చోట్ల ఉన్న చరిత్ర గ్రంథాల ప్రతులు కాలిపోయాయి. 1597లో మందిరమూ కాలింది. 1614లో మళ్లీ కట్టారు. ఇల్లు పోయినా ఇంటాయన పోలేదు, కనుక ఇల్లు మళ్లీ లేచింది.

19 గదుల ఇల్లు

రాజధాని సోల్‌లో జొంగ్‌మ్యో ఉంది. అక్కడ పటాలు పూజ అందుకోవు. చెస్ట్‌నట్ చెక్కతో చేసిన ఫలకాలు అందుకుంటాయి. ఆత్మ వచ్చి పోవడానికని ఆ చెక్కకు సన్నటి రంధ్రాలు పెడతారు. 1395లో కట్టిన ఈ ఆలయం 1592లో కాలిపోయి, 1608లో మళ్లీ లేచింది. ప్రధాన మందిరం పొడవు 101 మీటర్లు. ఎదురుగా గరుకు రాళ్లు పరిచిన విశాలమైన అరుగు, దాని మీద వరసగా ఎర్ర స్తంభాలు, పైన ఒకే ఒక్క పొడవాటి పెంకుల కప్పు. రాజభవనాల మీద కనిపించే రంగురంగుల చిత్రాలేవీ లేవు. సింహాచలం గోపురం చూసి పెరిగిన కంటికి మొదట బోసిగా తోస్తుంది. కాసేపు నిలబడితే ఆ పొడవే మాట్లాడుతుంది.

ఆ పొడవు ఒక్కసారిగా వచ్చింది కాదు. మొదట 7 గదులు. 1608లో 11. 1726లో 15. 1836లో 19. రాజులు పోతున్నకొద్దీ ఇల్లు పక్కకు పెరిగింది. ఇప్పుడు ఆ 19 గదుల్లో 49 ఫలకాలు, 19 మంది రాజులవి, 30 మంది రాణులవి. ఒక వంశం వయసును ఇంటి పొడవు చూసి చెప్పగలిగే కట్టడం ప్రపంచంలో ఇంకోటి ఉందని నేననుకోను.

గదుల లెక్క వెనుక ఒక చిక్కు ఉంది, అది మన తద్దినాల ఇంటికి బాగా తెలిసినదే. మన సపిండీకరణంలో కొత్తగా పోయినవారి పిండాన్ని తండ్రి, తాత, ముత్తాత పిండాల్లో కలుపుతాం. మూడు తరాల వరకే పిండం. కొత్తవారు లోపలికి వస్తే నాలుగో తరం వెనక్కి తప్పుకుంటుంది. జొసొన్ రాజుల నియమం నాలుగు తరాలు. అంతకు పైన ఉన్న పెద్దలను పక్కకు తప్పించాలి, కానీ ఎక్కడికి? అందుకని 1421లో సెజొంగ్ రాజు పడమటి పక్కన యొంగ్‌న్యొంగ్‌జొన్ అనే రెండో మందిరం కట్టించాడు. నాలుగు తరాలు దాటినవారి ఫలకాలు అక్కడికి మారేవి. పెద్ద పెద్ద పనులు చేసిన రాజులను మాత్రం ఎన్ని తరాలైనా కదిలించరాదని తీర్మానించేవాళ్లు. ఎవరు కదలాలి, ఎవరు ఉండాలి అన్నది ఆస్థానంలో పెద్ద చర్చ. మనకు ఆ గొడవ రాలేదు, ఎందుకంటే మన పెద్దలకు గదులు కట్టలేదు.

జొంగ్‌మ్యోలో పూజ ఇప్పటికీ మే నెల మొదటి ఆదివారం జరుగుతుంది. జొంజు యీ వంశస్థులు పాతకాలపు అంగీలు వేసుకుని ముందు నిలబడతారు. ధూపం వేస్తారు, పైకి పోయిన ప్రాణానికి. గది నేలలో ఉన్న రంధ్రంలో మద్యం పోస్తారు, మట్టిలో కలిసిన ప్రాణానికి. తర్పణంలో వేలి సందులోంచి జారే నువ్వుల నీళ్లు తెలిసినవాడికి ఆ చేతి వంపు ఏమిటో వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత మూడుసార్లు పాత్ర నింపి సమర్పిస్తారు. సెజొంగ్ కూర్చిన బాణీలను 1464 నుంచి ఈ పూజలో వాయిస్తున్నారు. 8 వరసల్లో ఎనిమిదేసి మంది, మొత్తం 64 మంది ఒకేసారి వంగి లేస్తూ నృత్యం చేస్తారు. గేటు నుంచి మందిరం దాకా రాతి దారి మధ్య భాగం ఆత్మలది. మనుషులు దాని మీద నడవరు. ఆలయాన్ని 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, పూజను, సంగీతాన్ని 2001లో గుర్తించారు. రెండు గుర్తింపుల మధ్య ఆరేళ్లు పట్టినా, నా దృష్టిలో ఆ పూజే ఆ ఇంటికి దూలం.

పటాలకు ఈ అదృష్టం పట్టలేదు. కొరియా యుద్ధంలో సోల్‌లోని చాంగ్‌డొక్‌గుంగ్ భవనం నుంచి రాజుల పటాలను బూసాన్ రేవుకు తరలించారు. యుద్ధం ఆగినా అవి తిరిగి రాలేదు. 1954 డిసెంబరులో అక్కడి యొంగ్‌దుసాన్ ప్రాంతంలో చెలరేగిన మంటల్లో చాలా పటాలు బుగ్గయ్యాయి. చొల్‌జొంగ్ అనే రాజు పటం ఒకటి బయటపడింది. 1861లో గీసినది. సైనిక దుస్తుల్లో ఉన్న ఆ రాజు ఒక పక్క మూడో వంతు కాలిపోయి, మిగిలిన రెండు వంతులతో ఇప్పటికీ మననే చూస్తుంటాడు. ఎంత జాగ్రత్తగా గీసిన ముఖమైనా ఒక్క రాత్రి మంటకు చాలదు. జొంగ్‌మ్యోలోని ఫలకాలు మాత్రం నిలిచాయి.

నీడ స్తంభాలు, జోడించిన చేతులు

మన రాజులు ముఖాన్ని ఎక్కడ పెట్టారు? అన్నిటికంటే పాత సాక్ష్యం సహ్యాద్రి కనుమల్లో ఉంది. శాతవాహనుల కాలంలో, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం ప్రాంతంలో, జున్నర్ దగ్గర నానేఘాట్ గుహలో గోడకు వరసగా రాజకుటుంబం బొమ్మలు చెక్కించారు. వంశకర్త సిముకుడు, శాతకర్ణి, ఆయన రాణి నాగనిక, కుమారులు. పైన పేర్లు ఉన్నాయి. బొమ్మలు అన్నీ పోయాయి, పాదాలు మాత్రం మిగిలాయి. నేటికి 2 వేల ఏళ్ల వెనుక రాజవంశానికి ముఖాల గది కట్టాలన్న ఆలోచన మన దగ్గరా ఉంది. దాని ముందు దీపం పెట్టే మనిషి ఎప్పుడు రావడం మానేశాడో ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత విజయపురిలో, ఇప్పటి నాగార్జునకొండలో, ఇక్ష్వాకులు ఛాయాస్తంభాలు నిలిపారు. క్రీస్తు శకం మూడో శతాబ్దం. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు పోయాక, కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి రాజు కోసం ఒక స్తంభం నిలబెట్టారు. ఆడవాళ్ల పేర్లు వరసగా రాయించారు. స్తంభం మీద అంతస్తులుగా చెక్కిన దృశ్యాల్లో రాజు ఉన్నాడు. ఇదే చోట సేనానులకు, సైనికులకు, ఒక శిల్పి పెద్దకూ ఛాయాస్తంభాలు నిలిచాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం. రాజుకు పెట్టిన రాయే ఉలి పట్టినవాడికీ పెట్టారు. సాగర్ డ్యామ్ కడుతుండగా 1954-60 మధ్య తవ్వి తీసి, మునిగిపోకుండా కొండ మీదికి చేర్చిన వస్తువుల్లో ఇలాంటివీ ఉన్నాయి. ఇప్పుడు లాంచీ ఎక్కి ఆ దీవిలోని మ్యూజియానికి వెళ్లి చూడొచ్చు.

తర్వాతి కాలంలో మన రాజుల దారి గుడి వైపు మళ్లింది. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడులో చోళరాజు ఆదిత్యుడు పోతే, కొడుకు పరాంతకుడు అక్కడ శివాలయం కట్టించాడు. లోపల రాజు ముఖం లేదు, లింగం ఉంది. తిరుమలలో మహాద్వారం దాటగానే మండపంలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో, తిరుమలదేవి, చిన్నాదేవితో, లోహవిగ్రహంగా నిలబడి ఉన్నాడు. రాయలు సింహాచలానికీ వచ్చాడు, 1516లో కానుకలు సమర్పించినట్టు అక్కడ శాసనం ఉంది. తిరుమలలో ఆయన చేతులు చూడండి. జోడించి ఉన్నాయి. జొంజులో తేజో సింహాసనం మీద కూర్చుని పూజ అందుకుంటాడు. తిరుమలలో రాయలు ద్వారం దగ్గర నిలబడి స్వామికి దండం పెడుతుంటాడు. మన రాజు పెద్దగా మిగలాలంటే భక్తుడిగా మిగలాల్సి వచ్చింది. అందువల్ల ఆయన వంశం పోయినా ఆయన విగ్రహానికి ఎదురుగా రోజూ వేలమంది నడుస్తారు.

భీమిలిలో చుట్టాలు లేని సమాధులు

భీమిలిలో సముద్రం దగ్గర డచ్చివాళ్ల శ్మశానం ఉంది. 17, 18 శతాబ్దాల్లో ఇక్కడ వర్తకం చేసిన డచ్చివాళ్లు ఊరిని 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లారు. ఇక్కడే పోయినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల సమాధుల్లో కొన్ని పైకి సన్నబడుతూ సూదిగా లేస్తాయి. రాతి పలకల మీద డచ్చి భాషలో పేర్లు, కుటుంబ చిహ్నాలు. జొంగ్‌మ్యోలో యీ వంశస్థులు ఏటా వస్తారు. ఇక్కడ ఏ పండగకీ ఎవరూ రారు. వాళ్ల మతంలో పిండం లేదు, ఫలకం లేదు. ఉన్నది రాతి మీద చెక్కిన పేరు ఒక్కటే. ఉప్పు గాలికి ఏ రాయైనా అరుగుతుంది, అక్షరం మొదట పోతుంది.

మహాలయ అమావాస్య తర్పణంలో నావాళ్లు అనేవాళ్లు ఎవరూ లేకుండా పోయినవాళ్ల కోసం కూడా ఒక వంతు నీళ్లు వదులుతారు. ఆ నీళ్లు ఏ గోత్రాన్నీ అడగవు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరికి, ఇప్పుడు మహా విశాఖ నగరంలో భాగమైన ఊరికి, ఆ వంతు తీర్చడం భారం కాదు. జొంజులో 1872లో చేసిన పనే చేద్దాం. రాయి అరిగిపోకముందే ఒక్కో సమాధి మీది రాతను మొదలు నుంచి చివరి దాకా ఎత్తిరాసి, తెలుగులో అర్థంతో పాటు పక్కన పలక నిలబెట్టాలి. పేరు, పోయిన తేదీ, ఏ ఊరివాడో రాసి ఉంటే అదీ. పురావస్తు శాఖవాళ్లు, డచ్చి భాష తెలిసినవాళ్లు, ఊళ్లోని హైస్కూలు పిల్లలు కలిస్తే ఒక వేసవి సెలవుల్లో అయిపోతుంది. ఆ పలకలను ఏటా తుడిచి, గడ్డి పీకే పని ఎవరిదో కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే జొంజులో పటం మిగిలింది కూడా దాన్ని తమ పనిగా ఎత్తుకున్న మనుషులు ఉండటం వల్లే.